నిమ్మరసమూ కడప బండా

పుంగనూరు బజారు వీధిలో నా టైలరింగ్ షాపుకు సరిగ్గా ఎదురుగా ధనుంజయ శెట్టి కిరాణా అంగడి ఉంది. ముందు అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక గుమ్మం, దానికో పూల కర్టెన్. ఆ కర్టెన్ వెనక ఆయన భార్య కృష్ణవేణమ్మ ముప్పై ఏళ్ళుగా పప్పులు చెరిగింది, చింతపండులో గింజలు తీసింది, మిరపకాయల తొడిమలు తుంచింది, పొట్లాలు కట్టింది. ఆ అంగట్లో ఆవిడ చెయ్యి పడని సరుకు అగ్గిపెట్టె ఒక్కటేనేమో. అయినా అంగడి తెరిచి ఉన్నంతసేపూ ఆవిడ కర్టెన్ దాటి ఇవతలికి వచ్చేది కాదు.

వాళ్ళింటి ఆడవాళ్ళు అంగట్లో కూర్చోరు. శెట్టిగారి తల్లి కూర్చోలేదు, ఆమె అత్తగారూ కూర్చోలేదు. ఎందుకని ఒకసారి ఆయన్నే అడిగాను. మాలో ఆ పద్ధతి లేదమ్మా అన్నాడు, అంతకు మించి చెప్పడానికేమీ లేనట్టు. నేను అదే వీధిలో, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా మిషన్ తొక్కుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నాను. నన్ను చూసి వీధి ఏమీ పాడైపోలేదు. అంగట్లో ఒక ఆడమనిషి కూర్చుని చక్కెర తూచితే పరువుకు ఎక్కడ చిల్లు పడుతుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అర్థం కాదు.

కృష్ణవేణమ్మ గురించి ఊళ్ళో నలుగురికీ తెలిసింది మాత్రం కిటికీ అద్దాల వల్ల.

కొన్నేళ్ళ కిందట శెట్టిగారు పాత పెంకుల కప్పు తీసేసి మిద్దె వేయించి, పైన ఇంకో అంతస్తు కట్టించాడు. రోజులు మారాయి కదా అని కిటికీలన్నిటికీ పెద్ద పెద్ద అద్దాలు పెట్టించాడు. కుప్పంలో ఉండే తమ్ముడు గణేష్‌కు అక్కడ గ్రానైట్ ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళుంటే, కిటికీల కింద పరచడానికి నల్ల గ్రానైట్ పలకలు పంపించాడు. ఇల్లు చూడముచ్చటగా ఉండేది. చూడముచ్చట ఒక నెల నడిచింది. రోడ్డు మీద దుమ్ము, పైగా మా ఊరి బోరు నీళ్ళు. ఆ నీళ్ళతో ఒకసారి అద్దం కడిగితే ఆరిన చోటల్లా తెల్లటి మచ్చలు తేలతాయి. ఇంకోసారి కడిగితే మచ్చల మీద మచ్చలు.

అంగట్లో నీలం రంగు సీసాలో అద్దాల మందు అమ్ముతారు. శెట్టిగారు ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టాడు. అది కొట్టినప్పుడల్లా కృష్ణవేణమ్మకు గొంతు పట్టేసి దగ్గు వచ్చేది. రెండు రోజులు దగ్గి, మూడో రోజు ఆ సీసాను మళ్ళీ అంగట్లోకి పంపించేసింది. ఆ రోజు ఇంట్లో చిత్రాన్నం. పిండేసిన నిమ్మచెక్కలు గిన్నెలో ఉన్నాయి. నిమ్మచెక్కతో తోమితే రాగిచెంబు ఎలా మెరుస్తుందో ఆవిడకు తెలుసు. ఆ చెక్కనే తీసుకుని వంటింటి కిటికీ మీద ఒక మూల రుద్దింది. కాసేపు ఆగి తుడిస్తే ఆ మూల తెల్ల మచ్చ పోయింది, మిగతా అద్దమంతా మురికిగా కనపడింది. ఇంకేం, మధ్యాహ్నం వరకూ ఆవిడ కిటికీ ముందు వేసుకున్న స్టూలు దిగలేదు.

తర్వాత తర్వాత ఆవిడ పద్ధతి గట్టిపడింది. ముందు పొడిగుడ్డతో దుమ్ము దులపాలి. తడిగుడ్డతో మొదలుపెడితే దుమ్ము బురదై అద్దం మీద చారలు తీస్తుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం పిండుకుని, గుడ్డ ముంచి, అద్దమంతా తడిపి కాసేపు వదిలేయాలి. మొండి మచ్చలుంటే నిమ్మరసం చాలదు, నూడుల్స్ బండ్లవాళ్ళు కొనుక్కుపోయే వెనిగర్ సగం, నీళ్ళు సగం కలుపుకోవాలి. వంటింటి కిటికీకి పట్టిన నూనె జిడ్డుకు వంటసోడా ముద్ద. చివర తుడవడానికి మాత్రం బోరు నీళ్ళు వాడకూడదు, క్యాను నీళ్ళు ఒక చెంబుడు చాలు. ఆరబెట్టడానికి చాలాసార్లు ఉతికిన కాటన్ పంచె ముక్క, ఆ పైన ఉండ చుట్టిన పాత పేపరు. ఎండ పడే వేళ అద్దం జోలికి పోకూడదు, తుడిచేలోపే ఆరిపోయి చారలు మిగిలిపోతాయి.

ఇదంతా నాకెలా తెలుసంటే, నా షాపు అద్దం తలుపు మీద మురికిని ఆవిడ చూడలేకపోయేదట. ఒక ఆదివారం అంగడి మూసి ఉన్నప్పుడు గిన్నె, గుడ్డలు పట్టుకుని వచ్చేసి, నన్ను పక్కకు నెట్టి, తలుపు మొత్తం తుడిచి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, ఇంత మురికి అద్దం వెనక కూర్చుని జాకెట్లు ఎలా కుడతావు, చంకలన్నీ వంకర పోతాయి అంది. నా జాకెట్ల చంకలు ఎప్పుడూ వంకర పోలేదు. కానీ ఆ సోమవారం నుంచి లోపల వెలుతురు పెరిగిన మాట నిజం.

అప్పటినుంచి ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. శెట్టిగారింటికి పక్క సందులోకి ఒక కిటికీ ఉంది. సరుకులకు వచ్చినవాళ్ళు అంగట్లో బియ్యం కట్టించుకుని, సందులోకి తిరిగి, ఆ కిటికీ దగ్గర ఆగి మాట్లాడేవాళ్ళు. మొదట కిటికీ అద్దాల గురించి, తర్వాత పప్పు పురుగు పట్టకుండా ఎలా ఉంచాలో, ఏ చింతపండు పచ్చడికి, ఏది పులుసుకు అని. కృష్ణవేణమ్మ ఎవరికీ తీపిమాటలు చెప్పదు. ఈ దఫా వచ్చిన కందిపప్పు ఉడకదు, వచ్చే వారం వరకూ పెసరపప్పు తిను అని ముఖం మీదే చెప్పేస్తుంది. అంగట్లో కూర్చున్న శెట్టిగారు అదే కందిపప్పును మహా ప్రశస్తమని చెప్పి అమ్ముతున్నప్పుడు కూడా.

దాంతో శెట్టిగారికి ఒళ్ళు మండేది. నీలం సీసాలు అరలో వరసగా దుమ్ము పట్టిపోతున్నాయని, ఇంట్లోనే శత్రువు ఉంటే వ్యాపారం ఏం చేస్తామని నా షాపు ముందుకొచ్చి గొణిగేవాడు. నిమ్మకాయలూ వెనిగరూ మీరే అమ్ముతున్నారు కదా అంటే, నిమ్మకాయల్లో ఏముందమ్మా అని వెళ్ళిపోయేవాడు. చెడ్డవాడు కాదు. తన తండ్రి ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చుని, ఆయన ఎలా మాట్లాడాడో అలాగే మాట్లాడుతూ అరవై దగ్గరికి వచ్చేసిన మనిషి.

ఆ కూర్చోవడమే చివరికి ఆయన నడుముకు చేటు తెచ్చింది. పోయిన వేసవిలో బియ్యం మూట జరపబోయి అక్కడే కూలబడ్డాడు. మదనపల్లె తీసుకెళ్తే డాక్టరు స్కానింగ్ ఫిల్ము చూసి, డిస్కు జరిగిందనీ, ఇకమీద గల్లా దగ్గర పొద్దస్తమానం కూర్చోవడం, బరువులెత్తడం మానుకోవాలనీ చెప్పాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పల్లవి. హోసూరులో ఉద్యోగం, అక్కడే సంసారం. అంగట్లో ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం జాకెట్టు కొలతకని కృష్ణవేణమ్మ నన్ను ఇంట్లోకి పిలిపించింది. నేను టేపు భుజం మీద పెడుతుంటే, అద్దంలోకి చూస్తూ, ఎప్పటినుంచో నోట్లో ఉన్న మాటలాగా చెప్పింది.

"నాకు గల్లా కాడ కూర్చోవాలని ఉండాది మునీశ్వరీ. పెండ్లయి ఈ ఇంట్లోకి వచ్చిన కాడ్నుంచీ ఉండాది."

శెట్టిగారితో చెప్పావా అన్నాను. చెప్పిందట. ఆయన నవ్వాడట. నవ్వి, గణేష్‌కు ఫోన్ చేశాడట. కుప్పంలో గణేష్ పెట్టిన ఫ్యాన్సీ స్టోరు రెండేళ్ళుగా ఈగలు తోలుకుంటోంది. వినాయక చవితి కాగానే వచ్చేస్తానన్నాడు. వాడు వచ్చి కూర్చుంటే ఇక ఆ కుర్చీ నా జన్మకు ఖాళీ కాదు అంది కృష్ణవేణమ్మ. గొంతు మామూలుగానే ఉంది. నేను కొలత రెండుసార్లు తప్పు రాసుకున్నాను. ఆవిడ మీద జాలితో కాదు, ఆ నవ్విన మనిషి మీద కోపంతో.

సరిగ్గా చవితికి ముందే మదనపల్లె గొడవ ఒకటి వచ్చింది.

మునిరత్నమ్మ అని మా వెనక వీధిలో ఉంటుంది. శెట్టిగారి అంగడికి పాత ఖాతా. ఆమె కూతురు మాధవి మదనపల్లెలో టమాటా మార్కెట్ యార్డు దాటాక కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం దగ్గరపడింది. కిటికీ అద్దాల నిండా సిమెంటు చుక్కలు, సున్నం చుక్కలు, లారీల దుమ్ము. మునిరత్నమ్మ సందులో కిటికీ దగ్గర నిలబడి కృష్ణవేణమ్మను అడిగితే, ఆవిడ వివరంగా చెప్పింది. వెనిగర్ బాగా పట్టించి వదిలేయమంది, మచ్చ కరిగేదాకా మళ్ళీ మళ్ళీ పట్టించమంది. మునిరత్నమ్మ ఆ మాటలన్నీ ఫోన్లో కూతురికి అప్పజెప్పింది. తల్లీకూతుళ్ళు చెప్పింది చెప్పినట్టే చేశారు. అద్దాలు మెరిశాయి. కానీ అద్దం మీదనుంచి కారిన పులుపంతా కిందున్న నల్ల బండల మీద పడింది. నున్నగా నిగనిగలాడే బండలు బూడిద చల్లినట్టు తెల్లగా, మసకగా అయిపోయాయి. కడిగినా పోలేదు. ఇల్లంతా అవే కిటికీలు, అవే బండలు.

మునిరత్నమ్మ ఆ సంగతి పట్టుకుని నేరుగా అంగట్లోకి వచ్చింది. సాయంత్రం రద్దీ. నా మిషన్ ఆపి నేనూ అంగడి ముందుకు వెళ్ళాను. ఆమె అరవలేదు, అందుకే వినడానికి ఇంకా ఇబ్బందిగా ఉంది. నా కూతురు మూడు రోజులుగా అన్నం తినకుండా ఏడుస్తోంది, చుట్టాలందరూ వచ్చి చూసే ఇల్లు, మీ ఇంటామె మాట నమ్మి చేశాం అంది. శెట్టిగారు నడుం పట్టుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అంగడి పరువు ఆయనకు ప్రాణం. కొనేవాళ్ళందరూ తనవైపే చూస్తున్నారు. మా ఇంట్లో అలా ఎవరూ చెప్పలేదమ్మా అన్నాడు. మీవాళ్ళే ఏదో తప్పుగా విని ఉంటారు, ఫోన్లో మాట సరిగ్గా వినపడదు కదా, ఏ యాసిడో పోసి ఉంటారు అన్నాడు. మునిరత్నమ్మ ముఖం వాడిపోయింది.

అప్పుడు కర్టెన్ కదిలింది. కృష్ణవేణమ్మ చేతికి చింతపండు జిగట ఉండగానే అంగట్లోకి వచ్చి నిలబడింది. అందరి ముందూ, భర్త పక్కనే.

"నేనే చెప్పినాను మునిరత్నమ్మా. ఆయనకి తెలీదు. నువ్వు ఇన్నది సరిగ్గానే ఇన్నావు. తప్పు నాదే. రేపు నేను వచ్చి సూస్తాను."

ఉల్లిపాయలు ఏరుకుంటున్న ఒకామె ఏరడం ఆపింది. శెట్టిగారు భార్య వైపు కాకుండా తక్కెడ వైపు చూస్తున్నాడు. కృష్ణవేణమ్మ వచ్చినంత మామూలుగానే లోపలికి వెళ్ళిపోయింది. నేను కూడా షాపుకు తిరిగొచ్చి మిషన్ తొక్కడం మొదలుపెట్టాను, కానీ సూదిలో దారం లేదని చాలాసేపటికి గానీ చూసుకోలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగిందో ఆవిడే నాకు చెప్పింది. పెద్దగా ఏమీ జరగలేదట. నలుగురి ముందు నన్ను అబద్ధాలవాణ్ణి చేశావన్నాడట శెట్టిగారు. అబద్ధం ఆడింది మీరే కదా అందట ఈవిడ. ఆ తర్వాత ఇద్దరూ అన్నం తిని పడుకున్నారు.

మర్నాడు నేను షాపు మూసి తోడు వెళ్ళాను. ఒంటరిగా వెళ్తానంది గానీ నేనే ఒప్పుకోలేదు. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, బ్యాగులోంచి గ్రానైట్ ముక్క ఒకటి తీసి చూపించింది. వాళ్ళింటి కిటికీల కింద పరచగా మిగిలిన ముక్క. రాత్రి దాని మీద వెనిగర్ పోసి పెట్టిందట. ఏమీ కాలేదు. మన బండకు ఏమీ కానప్పుడు వాళ్ళ బండకు ఎందుకయింది, నల్ల బండ నల్ల బండే కదా అని ఆవిడకు అంతుపట్టడం లేదు. నాకూ తెలియదు. దారి పొడవునా ఆ ముక్కను ఒళ్ళోనే పెట్టుకుంది.

మాధవి ఇంటికి వెళ్ళి చూస్తే మునిరత్నమ్మ చెప్పిన దాని కంటే ఎక్కువగానే ఉంది. హాల్లో పెద్ద కిటికీ కింద బండ మీద కారిన చారలు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. మాధవి మంచినీళ్ళు ఇచ్చింది గానీ మాట్లాడలేదు. కృష్ణవేణమ్మ బండ మీద వేలు పెట్టి రాసి చూసింది. తన ముక్క దాని పక్కన పెట్టింది. తన ముక్కలో మెరిసే రవ్వలున్నాయి, ఆ బండలో లేవు, రెండూ ఒకటి కావని అప్పుడు తెలిసింది. బండలు ఎక్కడ కొన్నారని అడిగి, ఆ దుకాణం దారి కనుక్కుంది.

బెంగుళూరు రోడ్డులో రాళ్ళ దుకాణం. చెంగయ్య అనే పెద్దాయన పలకలకు నీళ్ళు కొట్టుకుంటూ ఉన్నాడు. కృష్ణవేణమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. నిమ్మరసం, వెనిగర్ అనగానే ఆయన పైపు కింద పడేశాడు.

"కడప బండకి పులుపు పోస్తే ఎట్లమ్మా. ఆ రాయంతా సున్నమే. పులుపు తగిలితే తినేస్తాది. నీ చేతిలోది గ్రానైటు, దానికేం కాదు."

కృష్ణవేణమ్మ కాసేపు ఆ రెండు రాళ్ళ తేడా గురించే అడిగింది. నాకు విసుగొచ్చింది. నిలబడీ నిలబడీ కాళ్ళు లాగుతున్నాయి. తర్వాత బాగుచేసే దారి అడిగింది. వాటర్ పేపర్ అనే ఉప్పుకాగితం తడిపి రుద్దాలి, ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆఖరికి ఇంకా సన్నది. కడిగి బాగా ఆరనివ్వాలి. ఆరాక కొబ్బరినూనె పట్టించి, మిగిలిన నూనె తుడిచేయాలి. మొదట్లో ఉన్నట్టు అచ్చంగా రాదు, చూసేవాళ్ళకు తెలియనంతగా వస్తుంది, రాయి ఎంత తిన్నదో దాన్ని బట్టి అన్నాడు.

ఆ రోజూ మర్నాడూ ఆ ఇంట్లోనే. నేను గరుకు కాగితం, ఆవిడ సన్న కాగితం. మొదట మాధవి గడప దగ్గర నిలబడి చూసింది. మధ్యాహ్నానికి చీర కుచ్చిళ్ళు దోపుకుని తనూ కూర్చుంది. చేతులు వాచిపోయాయి, గోళ్ళ సందుల్లో నల్లటి బురద. కుట్టుపని చేసే వేళ్ళు ఇవి, వీటికేమైనా అయితే నా గతేమిటని నేను సణుగుతూనే ఉన్నాను. నూనె పట్టించగానే మొదటి బండ నల్లగా తేలినప్పుడు మాత్రం ముగ్గురం పని ఆపి చూస్తూ ఉండిపోయాం. మాధవి అప్పటికి నోరు తెరిచి, ముందు కాఫీ తాగండి పెద్దమ్మా అంది.

ఒకటి తప్ప అన్నీ వచ్చాయి. హాల్లో పెద్ద కిటికీ కింద బండ ఎంత రుద్దినా చారలు పూర్తిగా పోలేదు. వెలుతురు ఏటవాలుగా పడితే కనపడతాయి. నూనె తడి ఉన్నంతసేపూ పెద్దగా తెలియవు కాబట్టి, అలాగే చెప్పకుండా బయలుదేరి ఉండొచ్చు. నేనైతే అలాగే చేసేదాన్ని. కృష్ణవేణమ్మ మాధవిని పిలిచి, వంగి చూడమని ఆ చారలు చూపించింది. నూనె ఇంకిపోయాక ఇవి మళ్ళీ తేలతాయి, అప్పుడు నన్ను తిట్టుకోకుండా ఉండాలని ఇప్పుడే చెబుతున్నా, నెలకోసారి నూనె రాసుకో అంది. మాధవి ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది.

గృహప్రవేశం బాగా జరిగింది. మునిరత్నమ్మ ఊరంతా చెప్పుకుంది. బండలు పాడయ్యాయని కాదు, శెట్టిగారి భార్య అంగట్లోకి వచ్చి తప్పు తనదేనని చెప్పి, తన చేత్తో రుద్ది పోయిందని. అప్పటినుంచి సందులో కిటికీ దగ్గర జనం తగ్గుతారని నేననుకుంటే, పెరిగారు. ఇప్పుడు చెప్పేటప్పుడు ఆవిడ ముందు ఒక ప్రశ్న వేస్తుంది, మీ కిటికీ కింద ఉన్నది ఏ బండ అని. కడప బండైతే పాత టవలు మందంగా మడిచి పరిచి, ఆ తర్వాతే గుడ్డ పిండమంటుంది.

చవితి అయిపోయింది. గణేష్ రెండు సూట్‌కేసులతో కుప్పం నుంచి దిగాడు. నవ్వుముఖం, నెమ్మదస్తుడు. శెట్టిగారు మంచిరోజు చూసి తమ్ముణ్ణి గల్లా దగ్గర కూర్చోబెట్టి, తను పక్కన వాలుకుర్చీ వేయించుకున్నాడు. కృష్ణవేణమ్మ ఆ రోజు మరిదికి కాఫీ కలిపి గుమ్మం దాకా తెచ్చి అందించింది. తర్వాత లోపలికెళ్ళి మిరపకాయల బస్తా విప్పుకుంది. నేను సాయంత్రం వెళితే మిరపకాయలు తుంచుతూనే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటు అంది. నేను నమ్మలేదు, ఆ మాట ఆవిడకు చెప్పనూ లేదు.

గణేష్ నెల రోజులు కూర్చున్నాడో లేదో. నేను చక్కెర కోసం వెళ్ళిన పొద్దున అంగట్లో నలుగురున్నారు. ఒకామె వెనిగర్ సీసా చేతిలో పట్టుకుని, మా బండ ఏ బండో చూసి చెప్పాలి, ఆయమ్మ యాడుండాది అని అడిగింది. ఇంకొకామె రవ్వ పొట్లం పట్టుకుని, ఇది ఆయమ్మ జల్లెడ పట్టిందేనా అంటోంది. గణేష్ లేచి కర్టెన్ దాకా వెళ్ళి అడిగి, వెనక్కి వచ్చి జవాబు చెప్పి, కూర్చునేలోపే మూడో ఆమె అడిగింది. మళ్ళీ లేచాడు. నాలుగోసారి లేవకుండా అన్న వైపు తిరిగాడు.

"నాకీడ పనేముందన్నా. వదిన మాటలు మోస్తాండాను, అంతే. ఆమెనే కూర్చోబెట్టు. మూటలు దింపేది, సరుకు తెచ్చేది నేను సూసుకుంటాను."

శెట్టిగారు వాలుకుర్చీలో కదిలాడు. ఆడవాళ్ళు అంగట్లో కూర్చుంటే ఊరివాళ్ళు ఏమనుకుంటారురా అన్నాడు, మెల్లగా, మేము వింటున్నామని తెలిసే.

"ఊరోళ్ళే కదన్నా ఆమెని అడుగుతాండేది" అన్నాడు గణేష్.

వెనిగర్ సీసా పట్టుకున్నామె నవ్వబోయి ఆపుకుంది. శెట్టిగారు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. ఈసారి చూపు తక్కెడ మీదికి మళ్ళించుకోలేదు. కుర్చీ చేతులు పట్టుకుని, నడుం నొప్పికి పళ్ళు బిగించి లేచాడు. లేచి భార్యను పేరు పెట్టి పిలిచాడు. అంగట్లో నుంచి ఆ పేరు ఆయన నోట వినడం నాకదే మొదటిసారి.

కృష్ణవేణమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. గణేష్ అప్పటికే గల్లా దగ్గరనుంచి లేచి పక్కకు జరిగాడు. శెట్టిగారు ఆ చోటు చూపించి, ఇంక నువ్వు కూర్చో అన్నాడు. ఆవిడ వెంటనే కూర్చోలేదు. ఆయన ముఖంలోకి చూసింది, నిజంగానే అంటున్నాడా అని తెలుసుకోవడానికి కాబోలు. తర్వాత వచ్చి కూర్చుంది. చీర సర్దుకుంది. కూర్చున్నాక వీధి మొత్తం ఒకసారి చూసింది, నా షాపూ, బస్సులు తిరిగే మలుపూ, ఎదురుగా వచ్చేపోయే మనుషులూ. నేను చక్కెర కోసం వచ్చిన సంగతే మరిచిపోయాను. సంతోషమో దుఃఖమో ఇప్పటికీ చెప్పలేను.

ఆవిడ భర్త వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో.

"ఇంత సులువా ఇది? మరి ముప్పై ఏండ్లు యాల పిలవలేదు మీరు?"

కృష్ణవేణమ్మ జవాబు కోసం ఆగలేదు. రవ్వ పొట్లం పట్టుకున్నామె చేతిలోంచి అది తీసుకుని తూకానికి పెట్టింది.